క్యాన్సర్ మాత్రకూ షుగర్‌కూ నడుమ ఒక కొవ్వు అణువు

పోయిన ఏడాది చివర్లో నా ఎమ్మెస్సీ రోజుల మిత్రుడు ఫోన్ చేశాడు. వాళ్ళమ్మగారికి అరవై మూడేళ్ళు. రొమ్ము క్యాన్సర్‌కు ఆరేళ్ళ క్రితం ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఎముకల్లో మళ్ళీ కనిపించింది. కణితి ముక్కను జన్యు పరీక్షకు పంపితే పీఐకే3సీఏ అనే జన్యువులో ఉత్పరివర్తన ఉందని రిపోర్టు వచ్చింది. సరిగ్గా ఆ మార్పు కోసమే తయారైన మాత్ర ఒకటి ఉందని డాక్టరు గారు చెప్పారట. ఆ తర్వాత ఆవిడ పాత కాగితాలు తిరగేసి, పన్నెండేళ్ళుగా షుగర్ ఉందని చూసి, ‘కొంచెం ఆలోచిద్దాం’ అన్నారట.

“క్యాన్సర్ మాత్రకీ షుగర్‌కీ సంబంధం ఏంట్రా? నువ్వు సైన్స్ రాస్తావుగా, చెప్పు” అన్నాడు వాడు.

మామూలుగా ఇలాంటి ప్రశ్నలకు ‘సైడ్ ఎఫెక్ట్’ అనే ఒక్క మాటతో జవాబు ముగుస్తుంది. వాంతులు, జుట్టు రాలడం, నీరసం, ఆ జాబితాలోనే షుగర్ పెరగడం కూడా. కానీ ఇక్కడ ఆ మాట సరిపోదు. ఈ మాత్ర రక్తంలో చక్కెరను పెంచడం దారి తప్పి జరిగే పని కాదు. మందు తన పని తాను సరిగ్గా చేసినందువల్లే చక్కెర పెరుగుతుంది. ఎందుకో తెలియాలంటే కణం చుట్టూ ఉండే పొర దగ్గరికి వెళ్ళాలి. ఆ పొరలో ఉండే ఒక కొవ్వు అణువును, దాని మీద గుర్తు పెట్టే ఎంజైమును చూడాలి. ఆ ఎంజైముల కుటుంబం పేరు లిపిడ్ కైనేజులు.

కైనేజ్ అంటే ఫాస్ఫేట్‌ను ఒక చోటి నుంచి తీసి మరో చోట అతికించే ఎంజైము. కణంలో శక్తి నాణెంలా చలామణీ అయ్యే ఏటీపీ అణువు నుంచి ఒక ఫాస్ఫేట్ తుంచి, మరో అణువుకు తగిలిస్తుంది. (ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వెలుగులోకి తెచ్చినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దాన్ని కనుగొన్నాడు. ద్రావణంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగును బట్టి కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. కణ పొరల్లోని కొవ్వుల ఫాస్ఫరస్‌ను కొలవడానికి కూడా తర్వాతి తరాలు దాన్ని ఆశ్రయించాయి.) కైనేజుల్లో ఎక్కువ పేరున్నవి ప్రొటీన్ల మీద పనిచేసేవి. లిపిడ్ కైనేజులు కొవ్వుల మీద పనిచేస్తాయి. చాలాకాలం వీటిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కొవ్వు అంటే గోడ, ప్రొటీన్ అంటే ఆ ఇంట్లో పనిచేసే మనిషి అన్న అభిప్రాయం జీవశాస్త్రంలో అంత గట్టిగా ఉండేది.

ఆ గోడ మొదటిసారి కదిలింది 1953లో. మాంట్రియల్‌లో మేబెల్ హోకిన్, లోవెల్ హోకిన్ దంపతులు పావురం క్లోమం ముక్కలను రేడియోధార్మిక ఫాస్ఫరస్ ఉన్న ద్రావణంలో ఉంచి, వాటిని అసిటైల్‌కోలిన్‌తో ప్రేరేపించారు. ఆ ఫాస్ఫరస్ పొరలోని కొవ్వుల్లోకి జోరుగా చేరడం కనిపించింది. బయటి నుంచి సంకేతం వస్తే లోపలి కొవ్వు స్పందిస్తోందన్నమాట. ఎందుకు స్పందిస్తోందో తేలడానికి మూడు దశాబ్దాలు పట్టింది. ఆ కొవ్వుల్లో ఒకటైన పిప్2 రెండుగా చీలినప్పుడు ఒక ముక్క కణంలోకి వెళ్ళి కాల్షియంను విడుదల చేయిస్తుందని 1983లో తేలింది. కథ అక్కడితో పూర్తయిందని చాలామంది అనుకున్నారు.

పూర్తి కాలేదు. ఈ కొవ్వు అణువు తలలో ఇనాసిటాల్ అనే ఆరు కార్బన్ల ఉంగరం ఉంటుంది. ఆ ఉంగరం మీద 3, 4, 5 స్థానాల్లో ఫాస్ఫేట్లు పెట్టవచ్చు. ఏ స్థానంలో ఉంది, ఏ స్థానంలో లేదు అన్నదాన్ని బట్టి ఏడు రకాల గుర్తులు తయారవుతాయి. 4, 5 స్థానాల సంగతి అందరికీ తెలుసు. బోస్టన్‌లో లూయిస్ కాంట్లీ బృందం 1985లో, క్యాన్సర్ కలిగించే ఒక వైరస్ ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని ఒక లిపిడ్ కైనేజ్ ఉందని గమనించింది. మూడేళ్ళ తర్వాత, 1988లో, ఆ ఎంజైము ఫాస్ఫేట్ పెడుతున్నది 3వ స్థానంలో అని తేల్చింది. అప్పటిదాకా ఎవరూ చూడని స్థానం అది. దాని పేరే పీఐ3 కైనేజ్. పిప్2 మీద అది ఇంకో ఫాస్ఫేట్ పెడితే పిప్3 అవుతుంది. విశ్రాంతిగా ఉన్న కణంలో పిప్3 దాదాపు కనిపించదు. ఇంత తక్కువ ఉన్న పదార్థానికి ప్రాధాన్యం ఏముంటుంది అన్న అనుమానం అప్పట్లో సహజమే.

పిప్3 ఏం చేస్తుందో చెప్పడానికి పత్రికల్లో తరచూ ‘స్విచ్’ అని రాస్తారు. నేనూ రాశాను. ఇప్పుడు ఆ పోలిక నచ్చడం లేదు. నాకు నచ్చే పోలిక పోలియో ఆదివారానిది. చుక్కలు వేసే బృందం ఇంటింటికీ తిరిగి, గోడ మీద సుద్దముక్కతో ఒక గుర్తు రాసి వెళుతుంది. ఆ గుర్తు తనంత తాను ఎవరికీ మందు వేయదు. తర్వాత వచ్చేవాళ్ళకు ఎక్కడ ఆగాలో, ఏ ఇల్లు దాటి వెళ్ళాలో చెబుతుంది. పిప్3 కూడా అలాంటి సుద్ద గుర్తే. దాన్ని చదవగలిగిన ప్రొటీన్లు కణద్రవ్యంలో తిరుగుతూ, గుర్తు కనబడగానే పొర లోపలి గోడకు వచ్చి అతుక్కుంటాయి. వాటిలో ముఖ్యమైనది ఏకేటీ. గోడ దగ్గరికి వచ్చాకే దానికి పని మొదలుపెట్టే అనుమతి దొరుకుతుంది. పని అయ్యాక ఆ గుర్తును తుడిచే ప్రొటీన్ కూడా ఉంది, దాని పేరు పీటెన్. కణం ఆరోగ్యంగా ఉండాలంటే రాసేవాడూ తుడిచేవాడూ ఇద్దరూ పనిలో ఉండాలి.

ఫిజిక్స్ చదివినవాణ్ణి కాబట్టి ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. రెండు అణువులు ఒక గది నిండా గాలిలో తిరుగుతూ ఎదురుపడటం కష్టం. అవే రెండూ నేల మీదే పాకాలి అన్న నియమం పెడితే ఎదురుపడటం తేలిక. మూడు పరిమాణాల నుంచి రెండు పరిమాణాలకు దిగితే వెతుకులాట తగ్గుతుందని గెరోల్డ్ ఆడమ్, మాక్స్ డెల్‌బ్రుక్ 1968లోనే లెక్క కట్టి చూపారు. కణం చేస్తున్నది ఆ లెక్కే. కొత్త ప్రొటీన్లు తయారుచేయకుండా, ఉన్నవాటినే ఒక పలుచని తలం మీదికి పిలిచి దగ్గర చేస్తోంది. పిలవడానికి కావలసింది నాలుగు సుద్ద గీతలు. అందుకే పిప్3 అంత తక్కువ ఉన్నా సరిపోతుంది.

ఇక ఇన్సులిన్ సంగతి. అన్నం తిన్నాక రక్తంలో గ్లూకోజ్ పెరుగుతుంది, క్లోమం ఇన్సులిన్‌ను వదులుతుంది. ఇన్సులిన్ కండర కణం తలుపు దగ్గరికే వస్తుంది, లోపలికి పోదు. పొర మీది గ్రాహకాన్ని తాకుతుంది. ఆ తాకిడికి పీఐ3 కైనేజ్ లోపలి గోడ దగ్గరికి చేరి పిప్3 గుర్తులు రాయడం మొదలుపెడుతుంది. ఏకేటీ వచ్చి అతుక్కుంటుంది. దాంతో లోపల బుడగల్లో దాచి ఉంచిన గ్లూకోజ్ ద్వారాలు పొర మీదికి వచ్చి తెరుచుకుంటాయి. గ్లూకోజ్ లోపలికి పోతుంది. అదే సమయంలో కాలేయంలో గ్లూకోజ్ తయారీ తగ్గుతుంది. మనం తిన్న ప్రతి ముద్దకూ ఇదంతా నిమిషాల్లో జరిగిపోతుంది.

పీఐ3 కైనేజుల్లో కొన్ని ఉపరకాలు ఉన్నాయి. ఇన్సులిన్ పనికి ప్రధానమైనది ఆల్ఫా రకం. కణాలు పెరగడానికి, విభజన చెందడానికి వచ్చే సంకేతాలను మోసేవాటిలోనూ ఇదే ముఖ్యం. తిండి దొరికింది, పెరగవచ్చు అన్న రెండు కబుర్లకూ శరీరం ఒకే రాతగాణ్ణి పెట్టుకుంది. పరిణామం దృష్టితో చూస్తే ఇది పొదుపే. క్యాన్సర్ దృష్టితో చూస్తే దొంగకు దొరికిన తాళం చెవి. ఆల్ఫా రకం జన్యువే పీఐకే3సీఏ. అది చాలా రకాల కణితుల్లో చెడిపోయి ఉంటుందని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2004లో చూపారు. హార్మోన్లకు స్పందించే, హెర్2 లేని రొమ్ము క్యాన్సర్లలో సుమారు 40 శాతంలో ఈ ఉత్పరివర్తన కనిపిస్తుంది. చెడిపోయిన ఎంజైము పిలవకుండానే గోడ నిండా రాసేస్తూ ఉంటుంది. కణం తనకు ఎప్పుడూ తిండి అందుతున్నట్టే, ఎప్పుడూ పెరగాల్సిందే అన్నట్టే నడుచుకుంటుంది.

కాబట్టి ఆ చేతిని పట్టుకునే మందు కావాలి. 2019లో అమెరికాలో అనుమతి పొందిన ఆల్పెలిసిబ్ అలాంటిదే. సోలార్-1 అనే ట్రయల్‌లో, ఈ ఉత్పరివర్తన ఉన్న రోగుల్లో హార్మోన్ మందు ఒక్కటే ఇచ్చినప్పుడు వ్యాధి ముదరకుండా సగటున (మధ్యగతంగా) 5.7 నెలలు ఆగింది. దానికి ఆల్పెలిసిబ్ జోడిస్తే 11 నెలలు ఆగింది. అదే ట్రయల్‌లో ఈ మాత్ర తీసుకున్నవారిలో దాదాపు 64 శాతం మందికి రక్తంలో చక్కెర పెరిగింది. మూడింట ఒక వంతుకు పైగా మందిలో అది తీవ్ర స్థాయికి చేరింది. కణితిలోని ఆల్ఫా ఎంజైమును కట్టేసిన మందు కండరంలో, కాలేయంలో ఉన్న ఆల్ఫాను కూడా కట్టేస్తుంది. ఇన్సులిన్ వచ్చి తలుపు తడుతుంది, లోపల రాసేవాడి చేతులు కట్టేసి ఉంటాయి. మా వాడి ప్రశ్నకు జవాబు ఇదే.

కథలో ఇంకో మెలిక ఉంది. అది తెలిసినప్పటి నుంచి ఈ విషయం నన్ను వదలడం లేదు. చక్కెర పెరగగానే క్లోమం ఇంకా ఇన్సులిన్ వదులుతుంది. ఆ ఇన్సులిన్ కణితిని కూడా తాకుతుంది. మందు కట్టేసిన దారిని కొంత మళ్ళీ తెరుస్తుంది. 2018లో కాంట్లీ, సిద్ధార్థ ముఖర్జీ తదితరులు ఎలుకల్లో ఇదే చూపారు. ఆహారంలో పిండిపదార్థం బాగా తగ్గించి గానీ, మూత్రం ద్వారా గ్లూకోజ్‌ను బయటికి పంపే మందు ఇచ్చి గానీ ఇన్సులిన్‌ను అదుపులో ఉంచితే క్యాన్సర్ మందు మెరుగ్గా పనిచేసింది. ఇది చదివి ఎవరూ ఇన్సులిన్ మానేయకూడదు, ఇవి ఎలుకల ఫలితాలు. అన్నం మానేసి కొవ్వు తినమనే డైట్లకు మన రెండు రాష్ట్రాల్లో ఉన్న గిరాకీ చూశాను గనుక ఇంకో మాట కూడా చెప్పాలి. అదే పరిశోధనలో, క్యాన్సర్ మందు లేకుండా ఆ ఆహారం మాత్రమే ఇచ్చిన ఒక రకం లుకేమియా ఎలుకల్లో వ్యాధి మరింత వేగంగా ముదిరింది.

అంటే ఈ తరహా మందుల విషయంలో రోగి షుగర్ పక్క కాగితం కాదు, అసలు కాగితమే. అలాంటప్పుడు ఈ మందులను ఎవరి మీద పరీక్షించారు?

సోలార్-1లోకి టైప్ 1 మధుమేహం ఉన్నవారిని, అదుపులో లేని టైప్ 2 ఉన్నవారిని తీసుకోలేదు. 2024లో అనుమతి పొందిన ఇనావోలిసిబ్ అనే కొత్త మందు ట్రయల్‌లో గీత ఇంకా కిందికి దిగింది. మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6 శాతం లోపు, పరగడుపు చక్కెర 126 లోపు ఉన్నవారికే ప్రవేశం. ఫలితాలు బాగున్నాయి, వ్యాధి ఆగిన కాలం 7.3 నెలల నుంచి 15 నెలలకు పెరిగింది. కానీ ప్రవేశ నిబంధన మరోసారి చూడండి. హెచ్‌బీఏ1సీ 5.7 దాటితేనే షుగర్‌కు ముందు దశ అంటారు. అంటే ఆ దశలోకి కాస్త గట్టిగా అడుగుపెట్టినవారు కూడా ఈ ట్రయల్ గేటు బయటే ఉండిపోయారు.

ఇప్పుడు మన దేశం లెక్కలు. ఐసీఎంఆర్ సాయంతో జరిగిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. 2021 నాటికి దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం, 13 కోట్ల 60 లక్షల మందికి ముందు దశ ఉన్నట్టు అంచనా. ఇరవై ఏళ్ళు దాటిన ప్రతి నలుగురిలో ఒకరి కంటే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చే వయసుల్లో ఈ వాటా ఇంకా పెద్దది.

సంఖ్యలే కాదు, మన శరీరాల తీరూ వేరు. పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో ‘లాన్సెట్’ పత్రికలో తమ ఇద్దరి ఫొటోలు పక్కపక్కన వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. చూడటానికి ఇద్దరూ సన్నమే. కొలిస్తే యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం. సన్నగా ఉన్నా లోపల కొవ్వు, దాంతో ఇన్సులిన్‌కు మొండికేసే కణాలు. భారతీయుల్లో ఇది సాధారణమని ఆయన ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నారు. పీఐ3 కైనేజ్ మందు తగిలేది సరిగ్గా ఆ బలహీనమైన చోటే.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ దారిని ఆపే మందులు మన దేశంలోకి వచ్చేటప్పుడు, షుగర్ ముందు దశలో ఉన్నవారిని, షుగర్ అదుపులో ఉన్నవారిని కలుపుకుని ఇక్కడ తప్పనిసరిగా అధ్యయనం జరగాలి. ఇది దేశాభిమానంతో అంటున్న మాట కాదు. ప్రతి విదేశీ మందునూ ఇక్కడ మొదటి నుంచి పరీక్షించాలని నేను అనను, దానివల్ల రోగులకు ఏళ్ళు వృథా అవుతాయి. 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు ఆ మినహాయింపుకు దారి ఇచ్చాయి. 2024 ఆగస్టులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆ దారిని ఇంకా స్పష్టం చేసింది. అమెరికా, బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా, కెనడా, ఐరోపా యూనియన్‌లలో అనుమతి ఉన్న కొన్ని తరగతుల మందులకు స్థానిక ట్రయల్ మినహాయింపు ఇవ్వవచ్చంది. ప్రస్తుత చికిత్స కంటే గణనీయంగా మెరుగైన మందులు ఆ తరగతుల్లో ఒకటి. చాలా క్యాన్సర్ మందులు ఆ గొడుగు కిందికి రాగలవు.

అయితే ఆ నిబంధనల్లోనే ఒక షరతు ఉంది. మందు భద్రతను, ప్రభావాన్ని మార్చగల తేడా ఏదీ భారతీయుల్లో ఉండే అవకాశం లేదని ఉన్న జ్ఞానం మేరకు తేలాలి. సాధారణంగా ఈ షరతును కాలేయంలో మందును విరగ్గొట్టే ఎంజైముల తేడాగా చదువుతారు. మందు శరీరంలో ఎంతసేపు ఉంటుంది, ఎంత మోతాదు మిగులుతుంది అన్న లెక్క అది. పీఐ3 కైనేజ్ మందుల దగ్గర ఆ చదువు చాలదు. మందు విరిగే చోట తేడా లేకపోవచ్చు, మందు తగిలే చోట ఉంది. ఇన్సులిన్ నిరోధం ఈ మందు భద్రతను మార్చే అంశం అవునా కాదా అని ఏ ఎండోక్రైనాలజిస్టును అడిగినా సందేహం లేకుండా చెబుతారు. మినహాయింపు ఇచ్చినా, మందు మార్కెట్‌లోకి వచ్చాక నాలుగో దశ అధ్యయనం చేస్తామని కంపెనీ హామీ ఇవ్వాలని నిబంధనలే అంటున్నాయి. నేను అడుగుతున్నది ఆ నాలుగో దశలో ఎవరు ఉండాలన్నది. మళ్ళీ హెచ్‌బీఏ1సీ 6 లోపు వాళ్ళనే ఏరుకుంటే ఆ అధ్యయనం కాగితం కోసం చేసినట్టే.

ఎదుటి వాదన నాకు తెలుసు, దానిలో న్యాయం కూడా ఉంది. మొదటి పెద్ద ట్రయల్‌లో ప్రమాదం ఎక్కువ ఉన్నవారిని దూరంగా పెట్టడం జాగ్రత్తే. క్యాన్సర్‌తో ఉన్న మనిషిని చక్కెర 400 దాటించి ఐసీయూకు పంపే ప్రయోగం ఎవరూ కోరరు. కానీ మొదటి ట్రయల్‌లో పెట్టిన గీత, మందు బజారుకు వచ్చాక కూడా అక్కడే ఉండిపోతోంది. ఆ గీత బయట ఉన్నవారి విషయంలో ప్రతి డాక్టరూ ఒంటరిగా ఊహించుకోవలసి వస్తోంది. ధైర్యం ఉన్న డాక్టరు ఇస్తారు, లేనివారు ఇవ్వరు. రెండింటిలో ఏది సరైందో చెప్పే లెక్క లేదు.

లెక్క తీయడం అసాధ్యమూ కాదు. మెటాలికా అనే చిన్న అధ్యయనంలో 68 మందికి ఆల్పెలిసిబ్ మొదలుపెట్టడానికి ముందే మెట్‌ఫార్మిన్ ఇచ్చారు. మన వీధి చివర మందుల షాపులో దొరికే అదే మెట్‌ఫార్మిన్. మామూలు చక్కెర ఉన్నవారిలో తీవ్రంగా పెరిగినవారు సుమారు 2 శాతం, ముందు దశలో ఉన్నవారిలో 15 శాతం. ముందు దశ గుంపులో ఉన్నది ఇరవై మందే కాబట్టి ఆ 15 శాతాన్ని గట్టిగా పట్టుకోలేం. అయినా రెండు విషయాలు అర్థమవుతాయి. ముందుగా సిద్ధమైతే ప్రమాదాన్ని బాగా తగ్గించవచ్చు. ముందు దశలో ఉన్నవారిని గేటు బయట ఉంచకుండానే చదవవచ్చు. షుగర్ వైద్యంలో ఇంత అనుభవం, ఇంతమంది రోగులు, మధుమేహం మీద పనిచేసే ఇన్ని కేంద్రాలు ఉన్న దేశంలో ఇలాంటిది పది రెట్లు పెద్దగా చేయలేమా? క్యాన్సర్ విభాగం, షుగర్ విభాగం ఒకే భవనంలో వేర్వేరు అంతస్తుల్లో ఉంటాయి, అడ్డంకి చాలాసార్లు ఆ మెట్లే.

కణితిని మాత్రమే చూసి శరీరాన్ని మరిచిపోతే ఏమవుతుందో ఈ కుటుంబం మందులే ఒకసారి చూపించాయి. డెల్టా రకం పీఐ3 కైనేజ్ తెల్ల రక్తకణాల్లో ఎక్కువ. దాన్ని ఆపే మందులు 2014 నుంచి కొన్ని రక్త క్యాన్సర్లకు వచ్చాయి. వాటిలో ఒకటైన అంబ్రాలిసిబ్ హైదరాబాద్‌లో పరిశోధన కేంద్రం ఉన్న రైజెన్ సంస్థ నుంచి పుట్టింది. 2021లో దానికి అమెరికాలో త్వరిత అనుమతి వచ్చినప్పుడు ఇక్కడి సైన్స్ విలేకరులం సంతోషించాం. మరుసటి ఏడాదే అది వెనక్కి పోయింది. వ్యాధిని ఆపుతున్నట్టు కనిపించినా, రోగులు బతికిన కాలాన్ని లెక్కిస్తే మరణాల ప్రమాదం పెరుగుతోందేమో అన్న సంకేతం ఒక ట్రయల్‌లో కనిపించింది. అది ఒక్క మందు కథ కూడా కాదు. రక్త క్యాన్సర్లకు వాడే ఈ తరగతి మందులన్నిటికీ ఇకపై రాండమైజ్డ్ ట్రయల్ ఆధారం ఉండాలని 2022 ఏప్రిల్‌లో అమెరికా సలహా సంఘం 16–0తో చెప్పింది, ఒక్కరు ఓటు వేయలేదు. డెల్టా రకం లేకపోతే రోగనిరోధక కణాలు అదుపు తప్పుతాయన్నది జీవశాస్త్రానికి అప్పటికే తెలిసిన సంగతి. పేగుల వాపు, కాలేయం దెబ్బతినడం, ఇన్ఫెక్షన్లు ఆ తెలిసిన సంగతి నుంచే వచ్చాయి.

ఆల్ఫా విషయంలోనూ మనకు తెలుసు. ఇన్సులిన్ ఏ దారిన నడుస్తుందో పాఠ్యపుస్తకంలో ఉంది.

ఈ దారి గురించి మన దగ్గర మూల పరిశోధన లేదని కూడా అనలేం. బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో రఘు పడింజాత్ బృందం చాలా ఏళ్ళుగా పండు ఈగల్లో ఈ కొవ్వుల మీదే పనిచేస్తోంది. ఇన్సులిన్ సంకేతం వచ్చినప్పుడు పిప్3 ఎంత పెరగాలో నియంత్రించడంలో మరో లిపిడ్ కైనేజ్, పిప్4కే, పాత్ర ఉందని 2019లో చూపింది. రాసేవాడికీ తుడిచేవాడికీ నడుమ ఇంకొకరు కూడా ఉన్నారన్నమాట. ఆల్ఫా చేతిని పూర్తిగా కట్టేయకుండా, గుర్తు ఎంతసేపు నిలవాలో మాత్రం మార్చే మందులు ఎప్పటికైనా రావచ్చు. ఈగ కంటికీ క్యాన్సర్ వార్డుకూ చాలా దూరం. పావురం క్లోమం నుంచి ఆల్పెలిసిబ్ మాత్రకు పట్టింది 66 ఏళ్ళు. అందుకని ఈగల పనికి డబ్బు ఆపమని ఎవరైనా అంటే వాళ్ళతో వాదించడానికి నేను సిద్ధం. కానీ నాలుగో దశ అధ్యయనానికి 66 ఏళ్ళు అక్కర్లేదు, రెండేళ్ళు చాలు.

ఈలోగా చేయగలిగినవి చిన్నవే. కణితిలో పీఐకే3సీఏ పరీక్ష రాసిన చీటీ మీదే హెచ్‌బీఏ1సీ కూడా రాయవచ్చు. జన్యు పరీక్షతో పోలిస్తే దాని ఖర్చు ఏపాటిది? ఉత్పరివర్తన ఉందని తేలాక కాకుండా, ఫలితం కోసం ఎదురుచూసే ఆ రెండు మూడు వారాల్లోనే షుగర్ డాక్టరును కలవవచ్చు. మాత్ర మొదలైనవారి చక్కెర అంకెలను ఆసుపత్రులు ఒక ఉమ్మడి రిజిస్ట్రీలో పెట్టవచ్చు, పేర్లు లేకుండా. ఇలాంటి రిజిస్ట్రీ ఉండి ఉంటే మా వాడి అమ్మగారి డాక్టరు ‘ఆలోచిద్దాం’ అన్నాక ఆలోచించడానికి ఏదో ఒకటి ఉండేది.

ఇదంతా వాడికి ఫోన్‌లో అరగంట చెప్పాను. సుద్ద గుర్తుల దాకా బాగానే విన్నాడు. “అయితే అమ్మలాంటి వాళ్ళ మీద చూడనే లేదా?” అని అడిగాడు. పెద్దగా చూడలేదన్నాను. కాసేపు మాట్లాడలేదు.

ఆవిడ ఇప్పుడు వేరే మందు మీద ఉన్నారు. ఎముకల నొప్పి తగ్గింది. ఉదయం నడక మొదలుపెట్టారు, రాత్రి అన్నం మానేసి ఒక జొన్నరొట్టె తింటున్నారు. హెచ్‌బీఏ1సీ 8.1 నుంచి 7.2కు దిగిందని పోయిన వారం వాడు రిపోర్టు ఫొటో పంపాడు. కింద ఒక ప్రశ్న పెట్టాడు: “ఎంతకి దిగితే ఆ మాత్ర ఇస్తారు?”

6 అని ట్రయల్ కాగితంలో ఉందని రాశాను. ఆవిడకు ఎంత చాలో మాత్రం ఏ కాగితంలోనూ లేదు.